దండాన్ని మోసే బండికి ధర్మం ఉంటుందా?

మహర్నవమికి బళ్లారి ప్రాంతంలో పోలీసు స్టేషన్లలోనూ ఆయుధపూజ చేస్తారు. తుపాకులు, లాఠీలు ఒకచోట పేర్చి కుంకుమ పెడతారు. జీపుల పక్కన గస్తీ మోటారు సైకిళ్లను కడిగి నిలబెట్టి, హ్యాండిల్‌కు బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి, బూడిదగుమ్మడితో దిష్టి తీస్తారు. సరిహద్దు దాటి ఆలూరుకో రాయదుర్గానికో వెళ్లినా ఈ ఆచారం కొత్తగా కనిపించదు. రైతు నాగలికి, దర్జీ కుట్టుమిషన్‌కు, డ్రైవరు లారీకి మొక్కితే అందులో చిక్కేమీ లేదు. కూడు పెట్టే పనిముట్టు మీద కృతజ్ఞత అది. పోలీసు బండి సంగతి వేరు. ఒక మనిషి మరొక మనిషిని ఆపడానికి, వెంటాడడానికి, అవసరమైతే పట్టుకుపోవడానికి రాజ్యం సమకూర్చిన వాహనం అది. దానికి దండం పెట్టినప్పుడు మనం దేనికి మొక్కుతున్నట్టు? ఇనుముకూ రబ్బరుకూ పుణ్యపాపాలు అంటవు కదా, వాటికి ధర్మమేమిటి? నా సమాధానం ఇది: యంత్రానికి పుణ్యపాపాలు లేకపోవచ్చు గాని, అధికారి ఏ మనఃస్థితిలో జనానికి ఎదురుపడతాడన్నది ఆ యంత్రం తయారీతోనే సగం తేలిపోతుంది. అందువల్ల గస్తీ బండిని ఎలా రూపొందించాలన్నది ధర్మమీమాంసలో భాగం. ఆ స్పృహతో చేస్తేనే పూజకు అర్థం.

ఈ ప్రశ్న అడగడానికి బళ్లారి కంటే తగిన చోటు అరుదు. హంపి 2021లో విజయనగర జిల్లాలోకి వెళ్లేదాకా బళ్లారి జిల్లాలోదే. అక్కడి మహానవమి ఉత్సవాలను 1520 ప్రాంతంలో చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అలంకరించిన గుర్రాలను వరసగా తెచ్చి వాటికి పూజ చేయడం గురించి వివరంగా రాశాడు. రాజ్యాధికారం ఆనాడు గుర్రమెక్కి తిరిగేది, ఇప్పుడు మోటారు సైకిలెక్కి తిరుగుతోంది. పూజ మాత్రం మారలేదు. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. జస్టిస్ మిశ్రా విచారణ తరువాత బళ్లారి పట్టణం మైసూరుకు వెళ్లింది. దాంతో ఒకే కుటుంబంలో అన్న ఒక రాష్ట్రం పోలీసుల కిందికి, తమ్ముడు మరో రాష్ట్రం పోలీసుల కిందికి వచ్చారు. బళ్లారి కనకదుర్గమ్మ జాతరకు వచ్చేవాళ్లలో కన్నడం మాట్లాడేవాళ్లూ ఉంటారు, తెలుగు మాట్లాడేవాళ్లూ ఉంటారు. గస్తీ బళ్లకు బెంగళూరులో చీతా అని పేరు, తెలుగు రాష్ట్రాల పట్టణాల్లో బ్లూ కోల్ట్స్ అని పేరు. దండం రెండు చేతుల్లో ఉన్నచోట, దాని ధర్మం ఏ చేతికీ సొంతం కాదన్న సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

ముందు బండి కట్టుబడి చూద్దాం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ప్రభుత్వం సరిహద్దు గస్తీ కోసం ఎంచుకున్న బుల్లెట్టు 1955 నుంచి మద్రాసులో తయారైంది. దేశంలో పోలీసు బండి అంటే చాలాకాలం అదే. అలాంటి బండి బరువు 190 కిలోల దాకా ఉంటుంది. దాని మీద సైరను, మైకు, వైర్‌లెస్ సెట్టు, వాటికి కరెంటిచ్చే బ్యాటరీ, వెనక దీపస్తంభం, పక్కపెట్టెలు, కాళ్లకు అడ్డుకడ్డీలు, ముందు గాలి అద్దం చేరతాయి. ఏ ఒక్కటీ అనవసరమని చెప్పలేం. అన్నీ కలిస్తే మాత్రం బరువు పైకీ వెనక్కీ జరిగి, బండి తూకం మారిపోతుంది. 2007లో బ్రిటన్‌లో పలు పోలీసు దళాలు హోండా ఎస్టీ1300 బళ్లను వాడకం నుంచి తప్పించాయి. అధిక వేగంలో బండి అటూ ఇటూ ఊగుతోందన్న ఫిర్యాదులు, ఒక పోలీసు అధికారి మరణం అందుకు కారణం. పేరున్న కంపెనీ తయారుచేసి, శిక్షణ పొందినవాళ్లు నడిపిన బండి కూడా అలా అయింది. బళ్లారిలో కౌల్ బజారు సందుల్లో తిరగాల్సిన బండి వేరు, ఖనిజం లారీల నడుమ తోరణగల్లు దారిలో పోవాల్సిన బండి వేరు. మొదటిదానికి తేలికైన ఒళ్లు, కాలు నేలకానే సీటు, తక్కువ జాగాలో తిరిగే హ్యాండిల్ కావాలి. రెండోదానికి దుమ్ములోనూ కనిపించే దీపం, గట్టి బ్రేకులు, మంచి పట్టున్న టైర్లు కావాలి. నలభై డిగ్రీలు దాటే ఎండలో ఇంజను వేడి తొడలకు తగలకుండా చూడడం రెండింటికీ అవసరమే.

ఇదంతా ఇంజనీర్ల పని, ఇందులో ధర్మమెక్కడిదని అడగవచ్చు. దీనికి జవాబు ఈ నేల మీదే బండరాళ్లకు ఎక్కి ఉంది. బళ్లారి జిల్లా సిరుగుప్ప తాలూకాలోని నిట్టూరు, ఉదేగోళంలో అశోకుడి శాసనాలున్నాయి. సరిహద్దుకు ఇవతల, గుత్తికి దగ్గరలో ఉన్న ఎర్రగుడి శాసనంలో ఒక విశేషముంది. తల్లిదండ్రుల మాట వినడం, ప్రాణుల మీద దయ, సత్యం పలకడం వంటి ధర్మాలను ప్రజలకు చాటమని రాజు రజ్జుకులనే అధికారులకు చెబుతూ, ఏనుగులు నడిపేవాళ్లకు, లేఖకులకు, వాహనవిద్య నేర్పే ఆచార్యులకు కూడా వాటిని బోధించమన్నాడు. వాహనం నడపడం నేర్పేవాడికి ధర్మం చెప్పాలని రెండువేల రెండువందల ఏళ్లకు పైబడి మన దగ్గర రాసి ఉందన్న మాట. కళింగలో ధౌలి దగ్గరి ప్రత్యేక శాసనం ఇంకా సూటిగా ఉంటుంది. నగర న్యాయాధికారులను ఉద్దేశించిన ఆ ఆజ్ఞలో, మనుషుల్ని అకారణంగా బంధించే, హింసించే తప్పు ఎందుకు జరుగుతుందో కారణాలు లెక్కపెట్టాడు: అసూయ, కోపం, క్రూరత్వం, తొందరపాటు, సోమరితనం వంటివాటి సరసన అలసటనూ చేర్చాడు. అలసటను శరీరానికి సంబంధించిన విషయమని పక్కనపెట్టకుండా, అన్యాయానికి మూలాల్లో ఒకటిగా చూశాడు. ఎనిమిది గంటలు వంగి, వేడి ఇంజను మీద, బరువు ఒకవైపు లాగే బండి మీద తిరిగిన కానిస్టేబులు సాయంత్రం ఒక కుర్రాడిని ఆపినప్పుడు అతని మాటలో చిరాకు ఉంటే, ఆ చిరాకులో సీటుకూ హ్యాండిల్‌కూ వాటా ఉంది. నడుము నిటారుగా ఉంచే సీటు పోలీసుకు సుఖం మాత్రమే ఇవ్వదు. ఎదుటి పౌరుడికి న్యాయం దక్కే అవకాశాన్నీ పెంచుతుంది.

దీపం, శబ్దం, రంగు విషయంలో ఈ వాదన ఇంకా స్పష్టమవుతుంది. చీకట్లో మన కన్ను ఎరుపు కంటే నీలాన్ని బాగా పట్టుకుంటుంది. పగటి వెలుగులో ఎరుపుకు బలం ఎక్కువ. రెండు రంగులూ కలిపి వాడడానికి ఉన్న శాస్త్రీయ కారణాల్లో ఇదొకటి. దీపం పని ఒక్కటే: సాయం వస్తోందనీ దారి ఇవ్వమనీ చెప్పడం. మన దేశంలో అదే దీపం పెద్దమనుషుల కార్ల మీదికెక్కి హోదాకు గుర్తయింది. 2017 మే 1 నుంచి కేంద్రం ఆ ఎర్రదీపాలను తీసేయించి, మెరిసే దీపాలను అత్యవసర విధుల వాహనాలకే పరిమితం చేసింది. కాంతి ఒకటే, బల్బు ఒకటే. ఎవరి కోసం వెలుగుతోందన్న దాన్ని బట్టి అది సేవో దర్పమో అయింది. లండనులో 1829లో రాబర్ట్ పీల్ పోలీసు దళాన్ని ఏర్పాటు చేసినప్పుడు వాళ్లకు నీలం దుస్తులు ఇచ్చారు. ఎర్రకోటు సైనికులను జనం శత్రుభావంతో చూస్తారని, ఈ దళం సైన్యం కాదని కంటికి తెలియాలని ఆ ఏర్పాటు. రంగు ఎంపికలోనే రాజ్యం తన ప్రజలతో ఎలాంటి సంబంధం కోరుకుంటోందో తేల్చుకున్నారు. మన గస్తీ బండికి రంగు, బొమ్మ, పేరు పెట్టేటప్పుడు ఆ ప్రశ్న ఎవరో ఒకరు వేసుకోవాలి.

మొదటి అభ్యంతరం పాతదే. వస్తువుకు గుణదోషాలు లేవు, వాడే చేతికే ఉన్నాయి. మంచి పోలీసు డొక్కు బండి మీదా మంచివాడే, చెడ్డవాడు ఎంత గొప్ప బండి మీదా చెడ్డవాడే అంటారు. ఇందులో సగమే నిజం. కత్తి, కత్తిపీట రెండూ కోసేవే. కత్తిని చేయి ఎటు తిప్పితే అటు పోతుంది. కత్తిపీట నేలకు ఆని ఉంటుంది, కూరగాయే దాని దగ్గరికి రావాలి. కోపంలో ఉన్నవాడికి రెండూ ఒకేలా లొంగవు. తయారుచేసినవాడు తన ఇంగితాన్ని వస్తువులో పెట్టి పోతాడు, వాడేవాడి చేతిని అది కొంత నడుపుతుంది. గస్తీ బండి పక్కపెట్టెలో ప్రథమచికిత్స సామగ్రికి చోటు ఉంటే, ప్రమాదం దగ్గరికి మొదట చేరిన పోలీసు గాయానికి కట్టు కట్టగలడు. లాఠీకి మాత్రమే కొక్కెం ఉంటే, దిగగానే చేయి దాని మీదికే పోతుంది. ముందు వెనకలా పెద్ద అక్షరాలతో స్టేషను పేరు, బండి గుర్తు సంఖ్య ఉంటే, తప్పు చేసినవాడిని పౌరుడు గుర్తుపట్టగలడు. ఆ సంగతి నడిపేవాడికీ తెలుసు. మంచివాడిని బండి చెడ్డవాడిగా మార్చలేదు, నిజమే. మంచితనం కష్టపడాల్సిన పనిగా మిగలాలా, సహజంగా సాగే పని కావాలా అన్నది మాత్రం అది నిర్ణయించగలదు.

రెండో అభ్యంతరం దీనికన్నా బలమైనది. భయం లేకుండా ధర్మం నిలవదు, దండం లేనిచోట పెద్ద చేప చిన్న చేపను మింగుతుందని మహాభారత శాంతిపర్వం నుంచి మనకు చెబుతూ వచ్చారు. కాబట్టి పోలీసు బండి చూడగానే గుండె అదరాలి, సైరను వినగానే సందు ఖాళీ కావాలి అంటారు. కౌటిల్యుడి ముందు ఇదే వాదం వచ్చింది. లోకం సవ్యంగా సాగాలంటే పాలకుడు దండాన్ని ఎప్పుడూ ఎత్తే ఉంచాలని పూర్వాచార్యులు అన్నారు. అర్థశాస్త్రంలో ఆయన దాన్ని ఒప్పుకోలేదు: తీవ్రంగా దండించేవాడిని జనం ద్వేషిస్తారు, మెతకగా ఉండేవాడిని లెక్కచేయరు, తగినంతగా దండించేవాడినే గౌరవిస్తారని తేల్చాడు. రాజనీతిలో దయాదాక్షిణ్యాల మనిషని ఎవరూ అనుకోని వ్యక్తి చెప్పిన మాట ఇది. అవసరమున్నా లేకున్నా మోగే సైరను, ఊరికే తిప్పే దీపం, జనం మీదికి దూసుకొచ్చే బండి ఆ ఎప్పుడూ ఎత్తి ఉంచిన దండమే. ఎప్పుడూ ఎత్తి ఉన్నదానికి జనం అలవాటు పడిపోతారు, నిజంగా అవసరమైన రోజున దారి ఇవ్వరు. భయానికి ఉన్న పరిమితికి సాక్ష్యం దగ్గరలోనే ఉంది. కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవ విగ్రహాల కోసం జరిగే కర్రల సమరానికి బళ్లారి వైపు పల్లెల నుంచీ జనం వెళతారు. ఏటా భారీ బందోబస్తు పెడతారు, ఏటా తలలు పగులుతూనే ఉన్నాయి. జనం మనసులో న్యాయమని నాటుకున్నదాన్ని భయం ఒక్కటే మార్చలేదు. మాటతో, నమ్మకంతో, ముందునుంచీ ఊళ్లో తిరిగిన పరిచయంతో చేయాల్సిన పని అది. ఆ పరిచయానికి ఆగి మాట్లాడగలిగే బండి కావాలి. వీరశైవులు గుడిలో నిలిచి ఉండే స్థావరం కంటే జనం గడపల దాకా నడిచే జంగమానికి పెద్దపీట వేశారు. పోలీసు స్టేషను స్థావరమైతే గస్తీ బండి దాని జంగమం. జంగముడు వాకిట్లోకి వస్తే ఇంటివాళ్లు తలుపు మూసుకోవాల్సిన పరిస్థితి ఉండకూడదు.

మూడో అభ్యంతరం బళ్లారివాళ్లే వేయగలిగింది. ఈ జిల్లాలో పెద్ద నేరం మోటారు సైకిలు మీద పోలేదు, పర్మిట్ల మీద పోయింది. అక్రమ ఇనుప ఖనిజం తవ్వకాల మీద కర్ణాటక లోకాయుక్త నివేదికలు ఇచ్చింది; 2011 జూలైలో రెండో నివేదిక వచ్చిన రోజుల్లోనే సుప్రీంకోర్టు జిల్లాలో తవ్వకాలు ఆపేయించింది. రెండు రాష్ట్రాల నడుమ సరిహద్దు గుర్తులే చెరిగిపోయాయన్న వివాదం వచ్చి, హద్దును సర్వే ఆఫ్ ఇండియా మళ్లీ కొలవాల్సి వచ్చింది. కొండలు తరలిపోతున్న రోజుల్లో హెల్మెట్ లేని కుర్రాడిని ఆపిన గస్తీ బండికి ధర్మం గురించి చెప్పడం వెటకారం కాదా? ఈ ప్రశ్నలోని నొప్పిని నేను కాదనను. చిన్న చేపలను మాత్రమే పట్టే వల మత్స్యన్యాయాన్ని ఆపలేదు, దానికి తోడు పోతుంది. గస్తీ బండిని ఎంత బాగా చేసినా పర్మిట్లలో దాగిన దొంగతనం దానికి దొరకదు, నిజమే. అయితే దీని నుంచి తేలేది బండి విషయం వదిలేయమని కాదు. కంటికి కనిపించని అధికారం మీద నమ్మకం పోయినచోట, కంటికి కనిపించే అధికారం మరింత ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. సామాన్యుడికి రాజ్యం మంత్రిగానో న్యాయమూర్తిగానో ఎదురుపడదు, రాత్రి పదింటికి కూడలిలో ఆగిన బండి రూపంలో ఎదురుపడుతుంది. రాజ్యం మీద అతని అభిప్రాయం అక్కడే తయారవుతుంది. బండి ఇతరులను ఎంత చూస్తుందో, తననూ అంతే చూడనివ్వాలి. డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు, అరెస్టు చేసే పోలీసు పేరు, హోదా స్పష్టంగా కనిపించేలా ఉండాలని ఆదేశించింది. 2020లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో స్టేషన్లన్నిటా సీసీ కెమెరాలు పెట్టమంది. ఇదే న్యాయం బండికీ వర్తించాలి. హ్యాండిల్ మీద కెమెరా పౌరుడి వైపు మాత్రమే తిరిగి ఉంటే అది నిఘా. నడిపేవాడి మాటనూ చేతనూ అదే నిజాయితీతో నమోదు చేస్తే అది సాక్షి. శిరస్త్రాణం విషయంలోనూ అంతే. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ తలపాగా ధరించే సిక్కులకు మినహాయింపు ఇచ్చింది గాని ఖాకీకి ఇవ్వలేదు.

నాలుగో అభ్యంతరం లౌకికవాదులది. అన్ని మతాల ప్రజల డబ్బుతో కొన్న బండికి ఒక మతం పద్ధతిలో పూజ ఏమిటి? కౌల్ బజారులో తిరిగే కానిస్టేబులు ముస్లిం కావచ్చు, క్రైస్తవుడు కావచ్చు, దేవుణ్ణి నమ్మనివాడు కావచ్చు. వాళ్లలో ఎవరినీ కుంకుమ పెట్టమని అడిగే హక్కు స్టేషనుకు లేదు. పెట్టనివాడు విధిలో ఒక మెట్టు తక్కువైనట్టు చూడడం తప్పు. నా వాదన పూజ మీద ఆధారపడి లేదు. పూజలో దాగిన మంచి ఒకటుంది: ఏడాదికొకసారి ఆయుధాన్ని వాడకుండా పక్కన పెట్టి, చేతులు జోడించి దాని ముందు నిలబడడం. ఇది నీ సొంతం కాదు, నీకు అప్పగించినది అని ఆ చేష్ట చెబుతుంది. నిమ్మకాయ తొక్కించడంతో ఆ మాట మరిచిపోతే పూజ ఉల్టా పనిచేస్తుంది. దేవత ఆశీస్సు ఉందన్న ధీమా అహంకారానికి ఊతమవుతుంది. ధౌలి శాసనంలో దీనికీ ఒక దారి ఉంది. అధికారులను హెచ్చరించిన ఆ ఆజ్ఞను తిష్య నక్షత్రం వచ్చిన రోజుల్లో చదివి వినిపించాలని అశోకుడు అందులోనే రాయించాడు. దేవుడి పేరు అక్కర్లేకుండా, కాలం తప్పకుండా, అధికారికి తన హద్దు గుర్తుచేసే వ్రతం అది. నమ్మేవాడూ నమ్మనివాడూ పక్కపక్కన నిలబడి వినగల వ్రతం.

సరిహద్దు జిల్లాకు వచ్చేసరికి ఈ హద్దు ప్రశ్న అక్షరాలా ఎదురవుతుంది. పోలీసు వ్యవస్థ రాష్ట్రాల జాబితాలోది. అయినా వారంటు లేకుండా అరెస్టు చేయదగిన నిందితుడిని పోలీసు దేశంలో ఎక్కడికైనా వెంబడించవచ్చని పాత నేర శిక్షాస్మృతి 48వ సెక్షన్ చెప్పింది, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత కూడా అదే చెబుతోంది. ఏ స్టేషను పరిధిలో నేరం జరిగినా మరే స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చన్న నియమం ఇప్పుడు ఆ చట్టంలోనే ఉంది. వెంబడించడానికి హద్దు అడ్డు రానప్పుడు ఆదుకోవడానికి అడ్డు రావడమేమిటి? 67వ జాతీయ రహదారి మీద బళ్లారి, గుంతకల్లుల నడుమ దెబ్బతిని పడిపోయినవాడు తానున్నది ఏ రాష్ట్రమో చూసుకుని పడడు. ఇక్కడ తిరిగే బండి మీద రాతలు కన్నడంలోనూ తెలుగులోనూ ఉండాలి. మైకులో వినిపించే హెచ్చరిక రెండు భాషల్లో ఉండాలి. వైర్‌లెస్ సెట్టు పక్క రాష్ట్రం స్టేషనుతో మాట్లాడగలగాలి. ఇవి భాషాభిమానపు కోరికలు కావు. తనకు అర్థం కాని భాషలో ఆగమన్నందుకు ఆగని మనిషిని పారిపోతున్నవాడిగా లెక్కగట్టడం అధర్మం, ఆ అధర్మాన్ని రెండు వరసల అక్షరాలు ఆపగలవు.

యంత్రానికి ఆత్మ ఉందా లేదా అన్న చర్చను వేదాంతులకు వదిలేద్దాం. దాన్ని తయారుచేయించేవాళ్లకు, కొనేవాళ్లకు, నడిపేవాళ్లకు బాధ్యత ఉందన్నది మాత్రం చర్చకు మిగలని విషయం. అలసట తగ్గించే సీటు, అవసరానికే మోగే సైరను, గాయానికి కట్టు ఉన్న పెట్టె, రెండు వైపులా చూసే కెమెరా, రెండు భాషల పేరు ఉన్న బండి పూజ చేసినా చేయకున్నా ధర్మం తప్పని బండి. అవి లేని బండికి ఎన్ని గుమ్మడికాయలు కొట్టినా దిష్టి పోతుందేమో గాని దోషం పోదు. బళ్లారి, అనంతపురం, కర్నూలు జిల్లాల పోలీసు పెద్దలకు ఒక విన్నపం. వచ్చే మహర్నవమి నాడు హారతి ఇచ్చేవాళ్లు ఇవ్వండి, మానుకునేవాళ్లు మానుకోండి. ఆ తరువాత బళ్ల ముందు అందరినీ నిలబెట్టి, డి.కె. బసు తీర్పులోని ఆదేశాలను ఒకసారి కన్నడంలో, ఒకసారి తెలుగులో గట్టిగా చదివించండి. వినడానికి ఊరి జనాన్ని కూడా పిలవండి.